చెట్ల దవాఖాన

హంటర్ రోడ్డు మీద
జిరాక్స్ సెంటరుకు, సెల్‌ఫోన్ల రిపేరుకు నడుమ
ఒక్క షటరు.
ఆరు లక్షల ఫ్రాంచైజీ ఫీజు,
పదహారేండ్ల పీఎఫ్‌ల సగం.
బోర్డు మీది పచ్చ ఏ పచ్చో కూడ
పుణె కంపెనీ నంబరేసి పంపింది.
దాని కింద మిగిలిన జానెడు జాగల
పెయింటర్ మొగిలి తనంతట తనే రాసిండు:
చెట్ల దవాఖాన.

మొదటి వారం వచ్చినోళ్ళు:
ఆధార్ జిరాక్స్ కోసం పదకొండు మంది,
గులాబి మొక్కలు దొరుకుతయా అని ముగ్గురు,
జీతం ఎంతుండెరా అని అడగడానికి
మా చిన్నబాపు ఒక్కడు.
చెప్పిన.
షటరు దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూసి
చాయ్ కూడ తాగకుండ పోయిండు.

గచ్చిబౌలిల నా పని పేరు
ఇంగ్లీషుల బాగ మెత్తగుండేది.
పదకొండో అంతస్తు, అద్దాల గది,
బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా.
అది నా కోసం కాదు, ఎదుట కూసున్నోళ్ళ కోసం.
ఒక గురువారం నలభై ఒక్క మంది,
మనిషికి పన్నెండు నిమిషాలు.
ఆఖరామె, తిరుమలగిరి పిల్ల,
ఏడ్వలే.
"సార్, మీరు తిన్నరా?" అని అడిగింది.
ఆ రాత్రి కారు వెతుక్కుంట
రెండో బేస్‌మెంటుల గంటసేపు తిరిగిన.
కారు మూడోదాంట్ల ఉండె.

ఇప్పుడు నా హెల్మెటుది కూడ ఆ నంబరు పచ్చే.
తాడు, బెల్టు, కొక్కేలు, పుణెల ఆరు రోజుల శిక్షణ.
బూర ఓదెలు అవన్నీ చూసి నవ్విండు.
పెంబర్తి దిక్కు ఇరవయ్యేండ్లు తాళ్ళెక్కిన మనిషి,
తాటి మీదికెల్లి పడ్డ అన్నను
భుజాన మోసుకొచ్చిన మనిషి.
"ఎక్కుడు ఎవనికైన వస్తది సారూ,
దిగుడు నేర్వాలె" అన్నడు.
మోకు తన నడుముకే చుట్టుకొని
కంపెనీ బెల్టు దాని మీదికెల్లి తొడిగిండు,
ఇన్సూరెన్సోళ్ళ కోసం.

కాజీపేట డీజిల్ కాలనీల మొదటి కేసు.
రిటైరైన గార్డు దేవసహాయం గారి వేప.
కొసకొమ్మలన్నీ మంట సోకినట్టు ఎండినయి.
"కొట్టెయ్యి బిడ్డా, రేకుల మీద పడుతది."
కొట్టేస్తే పద్దెనిమిది వేలు.
ఎండినయి దీసి, మందుగొట్టి, బతికిస్తే
నాలుగున్నర.
షటరు కిరాయి, ఓదెలు కూలి,
వినోద ఒక్క మాట కూడ జోడించకుండ
నాకు పంపిన ఇంటి ఈఎంఐ మెసేజీ,
అన్నీ ఆ పలుచటి నీడలనే నిలబడి లెక్కేసిన.
నాలుగున్నరకు ఒప్పుకున్న.
మంచితనమని రాసుకోను.
కొట్టుడనే మాట నోటికెల్లి రాలే, అంతే.

కొమ్మ పుట్టిన కాడ
మెడ తీరు ఒక ఉబ్బుంటది.
దాన్ని ముట్టకుండ అవతల కొయ్యాలె.
మరీ దగ్గరికి కోస్తే మానులకు కుళ్ళు దిగుతది,
మరీ ఇడిస్తే మోడు ఎండి పురుగు జొరబడుతది.
నేను ఎనిమిదేండ్లు ఆ ఉబ్బు ఎక్కడుందో చూడకుండ కోసిన.
చెట్టు పుండు మాన్పుకోదట,
చుట్టూ గోడ కట్టి
దాన్ని లోపల్నే ఉంచుకొని పెరుగుతదట.
శిక్షణల ఈ మాట చెప్పినప్పుడు
అందరు రాసుకుంటుండ్రు.
నేను వంగి కుర్చీ కింద
పెన్ను మూత వెతుకుతున్న.

నిన్న పుణె నుంచి మెయిలొచ్చింది.
బోర్డు మీద అనుమతి లేని రెండు మాటలున్నయట,
వారంల తుడిచెయ్యాలెనట.
రాసిన పిల్లెవరో
మర్యాదగ, బాగ మెత్తగ రాసింది.
ఆ మెత్తదనం నాకు తెలుసు.
"తిన్నవా తల్లీ" అని టైపు చేసి
చెరిపేసిన.

మొగిలికి ఫోన్ చేస్తే
పరకాలల పని మీదున్న,
వచ్చే వారం చూద్దాం అన్నడు.
సుబేదారిల ఎవరిదో నేరేడు,
కరెంటోళ్ళు తీగల కోసం సగానికి నరికి పోయిండ్రట.
పూత మీదుండెనట.
ఓదెలు అప్పటికే బండి స్టార్ట్ చేసిండు.