చాంబర్ కొలత

లైసెన్సు కాగితాలు నూనె చేత్తో ముట్టనన్నాను.
తనే విప్పి చదివింది:
పోటీ రైఫిల్, పాయింట్ ట్వంటీటూ,
మైలపిల్లి నూకరత్నం, జాలారిపేట, విశాఖపట్నం.

"బిగించి కొయ్యి సిన్నానా,
తూటా అటూఇటూ ఆడకూడదు."

బిగించడానికేం తల్లీ!
మా అయ్య పోలీసు చొక్కాలు కుట్టేవాడు,
ఊపిరికని అరంగుళం వదిలేవాడు.
ఇక్కడ నాకు మిగిలింది
తలవెంట్రుకలో పావు వంతు.
తూటా ముక్కు గాడుల అంచుని తాకాలి,
గుచ్చుకోకూడదు.

కంచరపాలెం షెడ్డులోకీ ఉప్పుగాలి వస్తుంది.
ఆ వారమంతా రీమర్ని నూనెగుడ్డలో చుట్టి
దిండు కింద పెట్టుకు పడుకున్నాను.

నాలుగు రకాల తూటాలు తెచ్చింది.
యాభై మీటర్ల దూరం, రకానికి ఐదు.
అప్పు చేసి కొన్న జర్మనీ పెట్టె
వల దులిపినట్టు చెల్లాచెదురు.
మూల నలిగిన చవక పెట్టెవి
ఐదూ ఒకే కన్నం,
ఓ పక్క కాస్త చిరిగి.

"దీన్లో ఏటుంది సిన్నానా?"
ఏమో.
గొట్టానికి నచ్చింది.

ఆ లాటువి ఇంకా పదకొండు పెట్టెలే దొరికాయట.
పోటీ డిసెంబరులో.
లెక్కపెట్టి కాలుస్తోంది.
నాకే,
చొక్కా ఎక్కడో బిగుతుగా ఉంది.