ఎనిమిది రంగుల అట్ట

తెల్లారుజామున మూడున్నరకి సోహార్‌లో
సముద్రం కూడా వేడి ఊపిరే వదులుతుంది.
క్యాంపు మెస్సులో రొట్టెల పిండి పక్కనే
మా సెంట్రిఫ్యూజ్ గుయ్యిమని తిరుగుతుంటుంది.
ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపుతారు,
జీతం రోజున వేలిముద్రకి చాపినట్టే.

నెత్తురు తియ్యడం, సీసా మీద అంకె అంటించడం,
ఆ పైన గోడకున్న ఎనిమిది రంగుల అట్ట చూపించి
"ఇవాళ ఉచ్చ ఏ రంగు?" అని అడగడం నా పని.
ఆ రంగులకి పేర్లు లేవు. లింబాద్రి పెట్టాడు:
ఒకటి ముంజె నీళ్లు,
మూడు నిమ్మకాయ పులిహోర,
అయిదు కాగిన నూనె,
ఏడు కరక్ చాయ్.
ఎనిమిదికి పెట్టలేదు.
"అది చూసినోడు చెప్తడు తియ్ అక్కా."

అతనిది మెట్‌పల్లి దగ్గర, నాది పాలకొల్లు.
సగం తెలుగు అడిగి తెలుసుకుంటాను.

సమ్మతి పత్రాన్ని తెలుగు చేసింది నేనే.
రిస్క్ అన్న మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను.
ప్రమాదమంటే లారీ గుద్దడం అనుకుంటారు,
ముప్పంటే ఎవరి శాపమో అనుకుంటారు.
చివరికి ఇలా రాశాను:
నూరుమందిలో ఎందరికి వస్తుందో చెప్పగలం,
అందులో నువ్వున్నావో లేదో చెప్పలేం.
లింబాద్రి నవ్వాడు.
"మా ఊర్ల బోరు పాయింటు పెట్టేటోని లెక్కనే.
నీళ్లు వడ్తయంటడు,
ఎవని చెల్కల వడ్తయో చెప్పడు."

కవర్లు మస్కట్ నుంచి సీలు వేసి వచ్చాయి.
తెల్ల చీటీ వస్తే ఆ ముఠాకి గంటకోసారి నీడ,
ఉప్పు కలిపిన నీళ్లు, పావుగంట కూర్చోవడం.
పచ్చ చీటీ వస్తే, ఎప్పటిలాగే.
ఎప్పటిలాగే అన్న మాట దగ్గర మాత్రం
నా కలం ఒక్క నిమిషం ఆగలేదు.
లింబాద్రి ముఠా కవరు చింపింది నా చేతులే.
పచ్చ.
"గంతేనా? మరి మాకు కొత్తగ పొయ్యేదేమున్నది!"

జూన్ మొదట్లో అతని క్రియాటినిన్ ఒకటి.
నెలాఖరుకి ఒకటీ పాయింట్ మూడు.
జులైలో, పైపు లోపలికి దూరి వెల్డింగ్ చేసిన వారం,
ఒకటీ పాయింట్ తొమ్మిది.
నొప్పి లేదు, వాపు లేదు,
మనిషి మామూలుగానే మెట్లెక్కుతున్నాడు,
ఫోనులో కూతురికి ఎక్కాలు అప్పజెప్పిస్తున్నాడు.
అంకెకి మాత్రం జ్వరం.

ఒకటిన్నర దాటితే డాక్టర్ బుషైనాకి చెప్పాలి. చెప్పాను.
లింబాద్రి అడిగిన మొదటి ప్రశ్న:
"కంపెనీకి ఎర్కైతదా?"
కాదు, గోప్యం. మూడో పేజీలో రాసిందీ నేనే.
కానీ మనిషిని ఎండలోంచి తీస్తే
ఎందుకు తీశారని ఫోర్‌మన్ అడగడా?
"రోగానికి పేరు వెడ్తే చేతుల టికెట్ వెడ్తరు.
అంకెనే ఉండనియ్ అక్కా."

డాక్టర్ అతన్ని గోదాం పనికి మార్పించింది,
కారణం దగ్గర నడుమునొప్పి అని రాసి.
చూశాను. చూడనట్టు సీసాలు సర్దుకున్నాను.

సెప్టెంబరుకి ఒకటీ పాయింట్ ఒకటి.
ఎవరిని ఏ కవరులో వేశామో
చివరిదాకా ఆ కవరులోనే లెక్కించాలి. అది నియమం.
మంచి నియమమే, ఎందుకో కూడా నాకు తెలుసు.
అందుకని, గోదాం నీడలో కోలుకున్న లింబాద్రి
పచ్చ చీటీ ఖాతాలోనే కోలుకున్నాడు.
ఎప్పటిలాగే ఉన్నా ఏమీ కాదనే వైపు
ఒక మనిషి బరువు మొగ్గింది.

నిన్న వచ్చి అట్ట ముందు నిలబడి
రెండో రంగు మీద వేలు పెట్టాడు,
లాటరీ తగిలినవాడిలా.
అప్పుడు కనిపించింది. ఎనిమిదో రంగు పక్కన
ఎవరో బాల్ పెన్నుతో పేరు రాశారు.
బంగ్లా అక్షరాలు. నాకు చదవడం రాదు.
జాబితా తీశాను.
నూట పన్నెండు అంకెలున్నాయి అందులో,
ఏ అంకెది ఏ భాషో రాయలేదు.