మబ్బులో అద్దె ఇల్లు

కెయోన్ రేవులో ఆకాశం
ఎప్పుడూ ఇళ్ల కప్పుల మీదే కూర్చుని ఉంటుంది.
రేకుల మీద వాన, నిచ్చెన మీద వాన,
నాకు కూడు పెట్టే ఈ నల్లతీగ మీద వాన.
అలాంటి ఊళ్లో, స్తంభం కింద నిలబడి
యస్నా అడిగింది:
"మబ్బులో ఆటలంట, మన మబ్బులోనేనా బాబాయ్?"

కాదమ్మా.
వెయ్యి కిలోమీటర్ల అవతల, సాంతియాగో శివారులో
కిటికీల్లేని షెడ్డు ఒకటి.
అక్కడ చలిలో బారులు తీరిన యంత్రాల్లో ఒకటి
నీ కోసం బొమ్మలు గీస్తుంది.
నువ్విక్కడ మీట నొక్కితే
ఆ నొక్కుడు జలసంధి కిందనుంచి దూరి
అక్కడిదాకా పోయి
బొమ్మై తిరిగొస్తుంది.

పగలంతా సాల్మన్ ఫ్యాక్టరీలో
పట్టకారుతో చేపముళ్లు లాగే పిల్ల.
ఆమె ల్యాప్‌టాప్‌కి ఒక కీలు విరిగితే
గాలపు దారంతో కట్టింది.
ఒక్క ఫోటో తెరవాలన్నా అది
బురదలో దిగబడ్డ ఎద్దులా మూలిగేది.
ఆ రాత్రి అదే తెర మీద
మంచుతోడేలు మెడ మీద వెంట్రుకలు
ఒక్కొక్కటీ గాలికి ఊగాయి.
అబద్ధమెందుకు, నేనూ నోరెళ్లబెట్టాను.
చేతిలో మాతే చల్లారిపోయింది.

మర్నాడే పాత ఆటపెట్టెని, పదకొండు డిస్కులతో సహా
మంగలి దగోబెర్తోకి అమ్మేసింది.
ఇంట్లో జాగా దండగ అంది.

ఆదివారం ఊరంతా ఫుట్‌బాల్ చూసే వేళ
మంచుకొండ చదరాలు చదరాలుగా విరిగిపోయేది.
కత్తి దూసేది ఇప్పుడు,
కత్తి లేచేది తర్వాత.
ఆ రెప్పపాటు సందులోంచి తోడేలు వచ్చి
తన పని చూసుకుని పోయేది.
"బాబాయ్, మళ్లీ చచ్చాను, కాస్త తీగ చూడవూ!"
స్తంభమెక్కేవాణ్ని నేను,
పైనుంచి తోడేలు కనబడుతుందన్నట్టు.

అయినా వదల్లేదు.
కొండవాలున ఇల్లు కట్టింది.
నాలుగు వందల పన్నెండు గంటలు.
"రేకులు కాదు బాబాయ్, పెంకులు. చుక్క కారదు."
గుమ్మానికి లాంతరు వేలాడదీసింది.
నిజం ఇంట్లో మంచం పక్కన
బకెట్టు టప్ టప్ మంటుంటే.

ఒక గురువారం ఉత్తరం వచ్చింది:
మీతో ప్రయాణం మాకెంతో ఆనందం,
వచ్చే నెల ముప్పైతో సేవలు ఆపేస్తున్నాం.
మోసం చేశారని అనను.
కొన్న ఆటల డబ్బు పెసోతో సహా తిరిగిచ్చారు.
దాంతో మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కుంది,
పాతవి కారుతున్నాయి.

ఇల్లు మాత్రం ఎందులో సర్దాలి?
ఆఖరి రాత్రి తోడేళ్ల జోలికి పోలేదు.
ఆ గదిలోంచి ఈ గదిలోకి ఊరికే తిరిగింది.
పన్నెండవుతుండగా లాంతరు ఆర్పింది.
గోడ కూలలేదు, పొగ లేవలేదు.
తెర మీద తన మొహం కనబడింది, అంతే.

మబ్బుని చూసి ముంత ఒలకబోసుకుందని
మంగలి కొట్లో నవ్వారు.
అక్కడ దగోబెర్తో కొడుకులు
గీతలు పడ్డ డిస్కుని చొక్కాకి తుడిచి, ఉఫ్ మని ఊది,
మళ్లీ పెట్టి ఆడుతున్నారు.
యస్నా ధర అడిగితే రెట్టింపు చెప్పాడు.

నేను నవ్వలేకపోయాను.
ఎదుటి దీవిలో నివాల్దో ఉన్నాడు.
పడవ మీంచి పడి నడుం విరిగినవాడు,
అమ్మ ఫోనులో తప్ప ఎక్కడా పరుగెత్తనివాడు.
వాడింట్లో ముంత ఎప్పుడుంది ఒలికిపోవడానికి?
వాడికి ఆ మబ్బే బావి.
అదీ ఎండాక మూడువారాలు
గోడవైపు తిరిగి పడుకున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

ఇప్పుడు ఇంకో కంపెనీ వచ్చింది,
మొదటి నెల ఉచితం.
ఇద్దరూ చేరారు. తీగ నేనే లాగాను.
నివాల్దో అప్పుడే గుర్రం కొన్నాడట.

యస్నా ఈసారి ఇల్లు కట్టడం లేదు.
ఆ కొత్త అడవిలో, రాత్రయితే,
చెట్టు కింద చిన్న మంట వేసుకుని
బూట్లు విప్పకుండా కూర్చుంటోంది.