స్థానిక నామం

దాళ్వా చేలు పొట్ట మీదున్న రోజుల్లో
పొద్దుగూకగానే ఎరదీపం వెలిగిస్తాడు మరిడయ్య.
తెల్లారేసరికి గరాటు కింద సీసాలో
రాత్రంతా రాలిన రెక్కలు,
తడిసిన ఊకలా.

నా పని చిన్నది.
సన్న పట్టకారుతో ఒక్కొక్కదాన్నీ తీసి
తెల్లట్ట మీద ఒకసారి బోర్లా, ఒకసారి వెల్లకిలా పెట్టి
పక్కన అర మిల్లీమీటరు గీత ఉంచి
ఫొటో తీయడం.
ఒక్క పురుగుకి నలభై ఫొటోలు.
మీసం తేటగా ఉంటే కాలు మసక,
కాలు తేలితే కన్ను మసక.
నలభై మసకల్ని ఒకదానిమీదొకటి పేరిస్తే
ఒక పురుగవుతుంది.

పెరవలి లాకుల పక్కన ఈ రెండు గదుల ల్యాబ్‌లోంచి
అవి బయల్దేరతాయి.
మెకాంగ్ డెల్టాలో థుయ్ అనే అమ్మాయి చూస్తుంది.
మనీలాకి దక్షిణాన రొసారియో గారు చూస్తారు.
బుడాపెస్ట్‌లో ఒక ముసలాయన,
పేరు పలకడం నాకింకా రాదు,
రెక్కలో ఈనెలు లెక్కపెట్టి
కాదంటాడు. ఎప్పుడూ ముందు కాదనే అంటాడు.
మాకు అన్నాల వేళ,
ఆయనకింకా కాఫీ పడలేదేమో అనుకుంటాం.

అందరం కలిసి ఒక్క ఆల్బమ్ కడుతున్నాం.
వరి పండే ఏ ఊళ్లోనైనా
వేలిమీద వాలింది ఎవరో
చూసి చెప్పుకోగలిగే ఆల్బమ్.
పెళ్లి ఫొటోల్లో లాగే ఇందులోనూ
అందరూ బిగుసుకుని నిలబడ్డారు.

ఆ బిగుసుకోవడమే మరిడయ్యకి నచ్చదు.
"సుడిదోమ పక్కకి నడుత్తాదండి, ఎండ్రకాయలాగ.
మీ బొమ్మలో నడకేదండీ?"

పత్రంలో నడకకి గడి లేదు.
స్థానిక నామం అని ఒకటుంది,
ఇన్నాళ్లూ ఖాళీగా వదిలేశాను.
ఆ రోజు తెలుగులోనే కొట్టాను:
సుడిదోమ. చేను నడుమ సుడి తిరిగినట్టు ఎండబెడుతుంది.
ఎండ్రకాయ నడక.
వారానికి థుయ్ కూడా తన గడి నింపింది.
అర్థమేమిటని అడిగితే,
అది మా తాత దీన్ని తిట్టే తిట్టు,
అనువదించలేను, అని రాసింది.

పొట్టలు ఈనుతున్న వారంలో ఓ సాయంత్రం
రొసారియో గారి దగ్గర్నుంచి ఒక బొమ్మొచ్చింది.
పచ్చటి, సన్నటి నల్లి. నల్లటి తల.
ఆకు తొడుగులోకి సూది దింపి ఉంది.
కింద రెండు ముక్కలు:
లోపల సుడిదోమ గుడ్లు, తాగేస్తోంది.
మిత్రపురుగు.

మరిడయ్య తెర మీదకి వంగాడు.
కళ్లజోడు నుదుటికి తోశాడు, మళ్లీ దించాడు.
"దీన్నెరుగుదునండి.
చేలో దోమ పెరిగినప్పుడల్లా ఇదీ పెరిగేది.
దోమపిల్లే అనుకున్నాను.
ఇరవై రెండు దాళ్వాలు మందు కొట్టేనండి,
దీనిక్కూడా కలిపి."
కాసేపు ఫ్యాను చప్పుడు.
మనమేమంటాం దీన్ని, అనడిగాను.
"దీనికి పేరెక్కడిదండీ, దోమల్లో కలిపేసేం."

బుడాపెస్ట్ ఆయన ఈసారి కాదనలేదు.
ఆయన సొరుగులో సూదికి గుచ్చిందొకటి ఉందట,
చీటీ మీద గోదావరి అని వందేళ్లనాటి సిరా.
పట్టిందెవరో చెరిగిపోయింది.
దాని ఫొటో కూడా పంపాడు.
పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగుకి తిరిగింది,
రెక్క మాత్రం ఆత్రేయపురం పూతరేకు,
ఊదితే లేచిపోయేట్టుంది.

గడిలో కర్సరు మిణుకుతోంది.
మరిడయ్యని నా కుర్చీలో కూర్చోబెట్టాను.
ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ,
గుడి బదులు కొమ్ము పడితే చెరిపి
మళ్లీ కొట్టాడు:
కావలి నల్లి.

పంపుతుండగా కరెంటు పోయింది.
వెళ్లిందో లేదో తెలీదు.
బయట ఎరదీపమూ ఆరింది,
కాలవ అవతల నుంచి కప్పలందుకున్నాయి.
జనరేటరు వెయ్యనా అన్నాను.
"ఉండండి," అన్నాడు చీకట్లోంచి,
"ఈ రాత్రికి ఆటిని తిరగనిద్దాం."