తొమ్మిదో నంబరు రూము

పదహారేండ్లుగా నాది తూనికలు కొలతల ఉద్యోగం.
కాంటా పళ్లెం అడుగున అంటించిన మైనాన్ని
చూడకుండానే వేలితో పట్టుకుంటాను.
ఏ లాడ్జికి పోయినా ఆ చెయ్యే
ముందు మెత్త కిందికి పోతుంది.

నిద్రను తూయడానికి బాట్లు లేవు.
ఉన్నవాటితో సర్దుకోవాలి.
తలుపు గడియ చట్రంలోకి ఎంత దిగుతుందో చూస్తాను,
వేలి కణుపంత దిగితే కన్ను మూతపడుతుంది.
మగ్గుకు చిల్లు ఉందా.
బకెట్ నిండటానికి ఎంతసేపు.
మంచిర్యాలలో ఒకసారి అది నిండేలోపు
పేపరంతా చదివేశాను, పెండ్లి సంబంధాలతో సహా.
అద్దం మీద బొట్టుబిళ్లలు ఎన్ని ఉంటే
అన్ని మార్కులు కోసేవాణ్ని ఒకప్పుడు.
ఇప్పుడు ఆ బిళ్ల నా నుదుటి మీదికి వచ్చేలా
నిలబడి గడ్డం గీసుకుంటాను.

స్విచ్చుల బోర్డు మాత్రం ఏ ఊర్లోనూ లొంగలేదు.
ఆరు స్విచ్చులు, ఒక ఫ్యాను, ఒక బల్బు,
మిగిలిన నాలుగూ ఎవరింటివో.
జమ్మికుంటలో ఎవరో పుణ్యాత్ముడు
సున్నం మీద పెన్సిలుతో రాసిపెట్టాడు: "ఫ్యాన్ ఇది."
ఆ గదిలో నల్లా రాలేదు, కిటికీ మూతపడలేదు.
అయినా నా లెక్కలో ఇప్పటికీ అదే ఫస్టు.

ఈసారి వరంగల్. మార్చి.
ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు
గేటు దాటి రోడ్డు మీదికొచ్చాయి.
స్టేషన్ రోడ్డులో మంచం దొరకడమే గగనం.
కటకం సాంబమూర్తి రిజిస్టర్ తిప్పి తిప్పి
"తొమ్మిది ఇప్పుడే ఖాళీ అయింది సారూ,
మీరు చాయ తాగేలోపల దులిపిస్త" అన్నాడు.

చాయ తాగాను. దులిపారు.
రాత్రి మెత్త మీద ముఖం పెట్టానో లేదో
తుమ్ము. ఇంకో తుమ్ము. కండ్ల మంట.
లైటేస్తే గలీబు మీద ఎర్రటి దుమ్ము,
తల పెట్టినంత మేర, తల ఆకారంలో.
పన్నెండో తుమ్ముకు గోడ అవతలి నుంచి ఎవరో
"నూరేండ్లు!" అన్నారు.
గోడ మందం: తక్కువ.
మనసులోనే రిపోర్టు పూర్తి చేసి, సంతకం పెట్టి,
తెల్లారేదాకా కుర్చీలో కూర్చున్నాను.

పొద్దున లస్మవ్వ చీపురుతో వచ్చింది.
దొంగ కాంటా చూపించినట్టు గలీబు చూపించాను.
ఆమె కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూసి
"రేగొండాయన" అంది.
"మూడు రాత్రులున్నడు.
ధర ఇయ్యాల లేస్తది, రేపు లేస్తదని.
దినమంత బస్తాల మీదనేనాయె,
మంచం మీద పంటె చద్దరు ఖరాబైతదని
కింద బండల మీద పన్నడు.
మెత్త ఒక్కటే తీసుకున్నడు."
నిజమే. నేను పొర్లిన పక్క తప్ప
చద్దరు మీద చాకలి మడతలు ఇంకా విరగలేదు.

"ధర లేచిందా మరి?"
"ఏమో సారూ. పోయేటప్పుడు నవ్వలే.
బకెట్ బోర్లించి పోయిండు."

ఎందుకడిగానో, అడిగాను:
"వచ్చినోళ్లను నువ్వు గూడ లెక్కగడ్తవా?"
"కట్టకుంటె ఎట్ల?
సబ్బుముక్క గోడకు అంటబెట్టెటోళ్లు,
తాళంచెవి జేబుల వెట్టుకొని కాజీపేట దాటెటోళ్లు,
చద్దరుతోని బూట్లు తుడిసెటోళ్లు.
చెప్పులు బయట ఇడిచి లోపలికొచ్చెటోళ్లు
ఏడాదికి ఇద్దరు."
ఆమె నా కాళ్ల వైపు చూడలేదు.
నేనే చూసుకున్నాను. బూట్లు.
తడి బాత్రూం నుంచి మంచం దాకా
నా బురద అడుగులు,
ఆయన పడుకున్న బండల మీదుగా.

పది గంటలకు మార్కెట్లో ముద్రలు వెయ్యాలి.
బ్యాగు సర్దుకుని ఫ్యాను ఆపబోతే బల్బు వెలిగింది.
బల్బు ఆపబోతే ఏమీ కాలేదు.
జేబులోంచి పెన్సిలు తీసి
మూడో స్విచ్చు పక్కన సున్నం మీద రాశాను:
"ఇది దేనికీ కాదు."

మళ్లీ తుమ్మొచ్చింది.
గోడ అవతల ఈసారి ఎవరూ లేరు.