వందలోంచి ఏడు

డాక్టరమ్మ తెల్లకాగితం ఇచ్చి
గడియారం గీయమంది.
నవ్వొచ్చింది.
ముప్పై అయిదేళ్ళు జాలహళ్ళి వాచీల ఫ్యాక్టరీలో
కంటికి భూతద్దం బిగించుకుని
వెంట్రుకంత స్ప్రింగులు కూర్చినదాన్ని,
నాకా పరీక్ష?

పదకొండూ పది చూపించమంది.
గుండ్రం బాగానే వచ్చింది.
అంకెలే, అన్నీ కుడివైపు ఎక్కేశాయి
ఫస్టు షిఫ్టు బస్సులో ఫుట్‌బోర్డు మీద జనంలా.
ఎడమవైపంతా ఖాళీ సీట్లు.
కోడలు యామిని కాగితం చూడలేదు,
కిటికీలోంచి పార్కింగు చూసింది.

మాత్రలు తక్కువ రాసింది, నడక ఎక్కువ రాసింది.
రోజూ నలభై నిమిషాలు, ఊపిరి బరువెక్కేలా.
నడుస్తూ వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంది,
కాళ్ళకో పని, బుర్రకో పని.

మఫ్లరు చుట్టుకుని
మనవడికి పొట్టయిపోయిన బూట్లు తొడుక్కుని
మెట్రో స్తంభాల వెనక పార్కులో మొదలుపెడతాను.
తొంభై మూడు.
ఎనభై ఆరు.
ఇవి ఇంకా నావి కావు, గబగబా దాటేస్తాను.
డెబ్భై తొమ్మిది, అదీ కాదు.
డెబ్భై రెండు.
ఇక్కడ కాస్త నెమ్మది. ఇది నేను.
మొన్న జల్లెడ పేరు తట్టక
"ఆ చిల్లుల పళ్ళెం ఇలా ఇవ్వు" అన్న నేను.

అరవై అయిదు, ఆయన పోయిన ఏడు.
తెలుగుతో ఇదొక చిక్కు.
ఏడంటే అంకె, ఏడంటే సంవత్సరం,
ఏడంటే, ఎవరో గదమాయించినట్టు,
కన్నీళ్ళు పెట్టుకోమని కూడా.
మూడింట్లో ఏది తీసేయాలో
డాక్టరమ్మ చెప్పలేదు.

యాభై ఎనిమిది.
రిటైరైన రోజు గోడగడియారం బహుమతిచ్చారు,
వేరే కంపెనీది.
యాభై...
యాభై...
కాళ్ళు వెళ్తూనే ఉన్నాయి
అంకె మాత్రం వెనక సిమెంటు బెంచీ మీద కూలబడింది.

"ఎల్లి నింతోయ్తు, శేషమ్మా?"
చౌడప్ప. సిటీబస్సులో కండక్టరుగా చేసినవాడు.
కుడిజేబులో పది చింతగింజలు,
చుట్టుకొకటి ఎడమజేబులోకి మారుస్తాడు.
జేబుకి చిల్లు పడిందని తెలియక
మొన్న పధ్నాలుగు చుట్లు నడిచాడు పాపం.
నా మొహం చూసి ఇంకేం అడగడు,
పక్కనున్న వేపచెట్టుని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి
"రైట్, రైట్!" అంటాడు.
కదులుతాను.

యాభై ఒకటి!
అంకె దొరికింది.
ఆ ఏట ఏం జరిగిందో దొరకలేదు.
వెతకను. ఊపిరి బరువుగానే ఉంది, అది చాలు.
నలభై నాలుగు, ముప్పై ఏడు,
ఓవర్‌టైము ఏళ్ళు, ఒకదాన్ని చూస్తే ఇంకోదాన్ని చూసినట్టే.
ముప్పై. స్ట్రైకు. ఏడో నెల కడుపుతో
గేటు దగ్గర బురదలో కూర్చుని నినాదాలు.
ఇరవై మూడు. మొదటిరోజు
సూపర్‌వైజరు చెప్పిన మొదటి మాట:
ఊపిరి బిగబట్టమ్మా, స్క్రూ ఎగిరిపోతుంది.
ఇప్పుడేమో వదలమంటున్నారు.

పదహారు మీద ఏమీ లేదు, మొటిమలు తప్ప.
తొమ్మిది, తొక్కుడుబిళ్ళ, ఒంటికాలు.
రెండు.
ఇందులోంచి ఇక ఏడు పోదు.
ఈ వయసు ఎవరికీ గుర్తుండదు,
నాకొక్కదానికే కాదు.
అప్పుడూ ఇలాగే అయ్యుంటుంది,
చేతులు కాస్త దూరంగా పెట్టుకుని
ఒక కాలు, ఆగి, ఇంకో కాలు,
అటుపక్క ఎవరో రమ్మంటూ.

ఆర్నెల్లకి మళ్ళీ కాగితం ఇచ్చారు.
ఈసారి యామిని వంగి చూసింది.
తొమ్మిది ఒక్కటీ వెళ్ళి
ఎడమవైపు సీట్లో కూర్చుంది.
పది, పదకొండు
ఇంకా నడుస్తున్నాయి.