రెండు సీసాలు

అందరి కాగితం మీదా ఒకటే రాసుంటుంది:
గ్యాస్ ట్రబుల్.
జాలరిపేట నుంచి వచ్చినా, గాజువాక నుంచి వచ్చినా,
సీతమ్మధార మూడో అంతస్తు నుంచి లిఫ్టు దిగి వచ్చినా
పేరు, వయసు, గ్యాస్ ట్రబుల్, చూడగలరు.
చూస్తాను. ఇరవై మూడేళ్ళుగా నా పనే అది.
ఎక్కణ్ణుంచి గిల్లారో చెప్పకపోతే
ఏం చూసి ఏం లాభం?

కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుకి చెప్పాను.
కడుపంటే ఒక్క గది కాదు బాబూ,
కింద పెరటి గుమ్మం వేరు, పైన నడిమిల్లు వేరు.
పెరటి గుమ్మం దగ్గర రెండు ముక్కలు ఒక సీసాలో,
నడిమింట్లో రెండు ముక్కలు ఇంకో సీసాలో.
కలిపేశావంటే
దొంగ పడిన ఇల్లేదో తెలియని పోలీసునైపోతాను.
అతను నవ్వాడు. మర్నాడు కూడా ఒకటే సీసా పంపాడు.
ఆ మర్నాటి నుంచి రెండు.

మే నెల. కింద బీచ్ రోడ్డు, ఉప్పు గాలి.
మైనం దిమ్మలు మెత్తబడి కత్తికి అంటుకుంటాయి.
ఐసు మీద పెట్టి చల్లార్చి
ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తే
గోరువెచ్చని నీళ్ళ మీద తేలుతుంది
ఒక మనిషి కడుపులోని రవ్వంత.

శేషవేణి టీచరుగారిది ముందు చూశాను.
పెరటి గుమ్మం కడిగి ముగ్గేసినట్టుంది.
నడిమిల్లు ఖాళీ.
పులుపు చేసే కణాలు ఒక్కటీ లేవు,
వాటి చోట కాపలా కణాలు గుంపుగా కూర్చున్నాయి.
బయటివాడెవడూ రాలేదు. కావలివాళ్ళే తిన్నారు.
పాదాల కింద దూది ఉన్నట్టుంటుందని
ఆవిడ ఎవరెవరికో చెప్పింది,
నాలుక అద్దంలా నున్నబడిందని కూడా.
ఎవరూ కడుపుతో కలిపి వినలేదు.
పొయ్యి ఆరిపోయిన ఇంటికి
మంట తగ్గే గోళీలు ఆరేళ్ళు రాశారు.

కంచరపాలెం ఆటో రామినాయుడిది మొండి స్లైడు.
గ్రంథుల్లో చీము కణాలు, నిన్నటి అడుగుజాడల్లా.
నీలం రంగు వేసి నలభై నిమిషాలు వెతికాను.
పురుగు లేదు.
'లేదు' అని రాయబోయి పెన్ను ఆపి ఫోన్ చేశాను.
గ్యాస్ గోళీ ఎప్పుడు ఆపావు నాయుడూ?
"ఆపడమేటండి, పొద్దున్న ఏసుకునే ఒచ్చేను కదా."
అదీ సంగతి.
గోళీకి జడిసి గుమ్మం వదిలేసిందన్నమాట.
రెండో సీసా తీశాను.
నడిమింటి లోలోపల, ఒక గ్రంథి మడతలో
రెండే రెండు కామాలు,
వాక్యం ఇంకా అయిపోలేదన్నట్టు.

అన్నీ ఇలా దొరకవు.
వాపుంటుంది, పురుగుండదు, కావలివాళ్ళ తప్పుండదు,
మందుండదు, సారా ఉండదు.
'కారణం తెలియలేదు' అని రాసి
సంతకం పెట్టేటప్పుడు చెయ్యి బరువు.
అలాంటి రోజు సొరుగు తీస్తాను.
నా గోళీల అట్ట అక్కడే ఉంది.
పరగడుపున మూడు కాఫీల మనిషిని,
గొట్టం మింగడానికి నాకూ భయమే.

ఇక గరికిన ఎల్లాజీ. యాభై రెండేళ్ళు.
ఫిషింగ్ హార్బర్లో ఐసు పెట్టెలు మోస్తాడు.
అతని స్లైడులో గుంటలు మరమేకుల్లా మెలి తిరిగున్నాయి,
కణాల గుంపు లేదు, పురుగు లేదు,
ఏదో పడి రోజూ కాల్చిన గుర్తు.
పైత్యం ఎగదన్నినా ఇలాగే ఉంటుంది.
అడగాలి.
ఏం మందులు వాడుతున్నావు?
"మందులేటి నేవమ్మా."
అసలేమీ లేవా?
"నేవు. నడుం నొప్పికి కొట్టోడిచ్చే తెల్ల బిళ్ళ, అదొకటే.
పొద్దున్నోటి, రేత్రోటి.
పదకొండేళ్ళయిపోనాది."
దాన్ని మందనుకోలేదు అతను,
చద్దన్నంలో ఉల్లిపాయ అనుకున్నాడు.

ఆ బిళ్ళే నీ కడుపుని తింటోంది, ఆపెయ్యి అన్నాను.
ఫోన్లో వేలంపాట కేకలు, పడవ మోటారు, కాకులు.
చాలాసేపటికి అడిగాడు:
"మరి పెట్లెవులు మోత్తారమ్మా?"

రిపోర్టులో దానికి గడి లేదు.